పిడికిలి తెరవడానికి గద్వాల వెళ్లాను

పాలమూరు వైపు వెళ్తున్నానంటే మా తెనాలిలో ఒకాయన "అక్కడ ఏముందండీ చూడ్డానికి?" అన్నాడు. ఇంకొకాయన వాళ్లావిడ కోసం గద్వాల చీర తెమ్మన్నాడు. నేను చీర తేలేదు, చూడవలసినవీ పెద్దగా చూడలేదు. గద్వాల కోట గోడ పక్కనుంచి నాలుగుసార్లు నడిచాను గానీ ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. అయినా వచ్చిన దగ్గర్నుంచి కనిపించినవాళ్లందరికీ ఆ ఐదు రోజుల సంగతే చెబుతున్నాను. వినేవాళ్లు మెల్లగా పక్కకి తప్పుకుంటున్నారు గనక కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా చర్చిలో ప్రార్థన చేయాలంటే నన్నే పిలుస్తారు, గొంతు బాగుంటుందని పేరు. ఆ పేరు నాకూ తెలుసు, చిక్కంతా అక్కడే ఉంది. మనుషుల్ని ముట్టుకోవడం మాత్రం నాకు మొదటినుంచీ ఇబ్బంది. ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలుపుతూ వందనాలు చెప్పుకుంటుంటే నేను దూరం నుంచే రెండు చేతులూ జోడించి తలుపు వైపు జరిగిపోతాను. జేబులో ఎప్పుడూ ఒక శానిటైజర్ సీసా ఉంటుంది.

మా అక్క సుగుణ నాకు పూర్తిగా ఎదురు. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక వనపర్తిలోనే ఉండిపోయింది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి బస్సుల్లో తిరుగుతుంది. ఒళ్లు తుడుస్తుంది, కాళ్లూ చేతులూ సాగదీస్తుంది, ఆ పని ఇంట్లోవాళ్లకి నేర్పుతుంది. జీతం లేదు, బోర్డు లేదు, వెనక ఏ సంస్థా లేదు. మొన్న ఫిబ్రవరి చివర్లో బాత్రూములో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఫోన్ చేసి, "ప్రభా, నా చేతికి కట్టు వేశారురా. నీ చేతులు ఐదు రోజులు నాకు ఇయ్యి," అంది.

"ప్రార్థన చేయడానికైతే వస్తానక్కా," అన్నాను.

"ముందు రా," అంది.

గద్వాల: గడప మీదే ఆపేశారు

రైలు దిగగానే అక్క ఎడమచేత్తో నా బుగ్గ పట్టుకుని ఊపింది. అరవై రెండేళ్లవాడి బుగ్గ పట్టుకుంటే ప్లాట్‌ఫారం మీద నలుగురు తిరిగి చూశారు. "ముందు తిందాం పా," అని స్టేషన్ బయట బండి దగ్గరికి నడిపించింది.

అక్కడ ఉగ్గాని తిన్నాను. మనం మరమరాలంటామే, వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయలు, పుట్నాల పొడి వేసి తాళింపు పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలకి మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. బండాయన ఒకరితో తెలుగు, ఒకరితో కన్నడం, ఇంకొకరితో ఉర్దూ మాట్లాడుతూ ఎక్కడా తడబడకుండా బజ్జీలు తీస్తున్నాడు. "ఏమండీ, కాస్త కారం తక్కువ…" అని నేను అనేలోపు పళ్లెం చేతికొచ్చేసింది. అక్కడ అండీలు వినపడవు, అందరికీ "సారూ" అలవాటు. రిటైరయ్యాక మళ్లీ ఆ మాట చెవిన పడితే బాగానే ఉంది.

తింటుండగా అక్క మేము వెళ్లబోయే ఇంటి సంగతి చెప్పింది. నర్సింహులుకి యాభై ఐదేళ్లుంటాయి. చిన్నప్పటినుంచీ మగ్గమే. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, కర్రతో నడుస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయింది. అక్క ఆయన్ని దవాఖాన వరండాలో ఒక్కసారి చూసి, ఇంటికి వస్తానని మాటిచ్చింది. ఇంతలో తనే చెయ్యి విరగ్గొట్టుకుంది.

"ఇంకో రెండు నెలలు అలాగే వదిలేస్తే కీళ్లు బిగిసిపోతాయి. ఆ తర్వాత ఎవరి వల్లా కాదు," అంది అక్క. "మళ్లీ నేస్తాడో లేదో నాకు తెలీదు. కనీసం తన చెయ్యి తను కడుక్కోవాలా వద్దా? ఒక గ్లాసు పట్టుకోవాలా వద్దా?"

మర్దనాకని తెనాలి గానుగలో ఆడించిన నువ్వుల నూనె లీటరు తెమ్మని ఫోన్లోనే చెప్పింది. తెచ్చాను. ఆ డబ్బా మూత రైల్లో ఎప్పుడు వదులైందో నాకు తెలియదు. సంచిని దొంగల భయంతో పొట్టకి హత్తుకుని కూర్చున్నాను గనక, మగ్గాల వీధికి చేరేసరికి నా చొక్కా బొత్తాల కిందినుంచి మొత్తం నూనె.

నర్సింహులు ఇల్లంటే ముందు గది, వెనక వంటగది, అంతే. ముందు గదిలో గుంత మగ్గం. దాని మీద పాలరంగు నూలు ఒంటికి మిరపపండు రంగు పట్టు అంచు వేసిన చీర సగం దాకా వచ్చి ఉంది. నర్సింహులు భార్య పద్మమ్మ, పక్కింటావిడ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. నేను నమస్కారం పెడుతూ గడప మీద కాలు వేశాను.

"ఆగుండ్రి సారూ! గాడ్నే ఆగుండ్రి!"

ఆ కేకకి నిజంగానే ఒంటికాలి మీద ఆగిపోయాను. కులం అడుగుతుందేమో, మతం అడుగుతుందేమో అని ఒక్క క్షణంలో ఎన్నో అనుకున్నాను. పద్మమ్మ నా పొట్ట వైపు వేలు చూపించింది.

"నూనె సారూ! పట్టుకి నూనె తగిలితే ఇంకేమన్న ఉందా? పది దినాల పని. బొట్టంత మరకున్నా సేటు చీర వాపస్ పారేస్తడు."

అక్క వెనకనుంచి, "మేమొచ్చిందే మీ ఆయన చేతికి నూనె రాయడానికమ్మా," అంది.

"గీ ఇంట్ల నూనె రాస్తే ఈయన ఏడ కూసోవాలె సిస్టరమ్మా? ఆ చెయ్యి వట్టుకుని మల్ల నేను మగ్గంల పోగు దోలే నాడె వట్టుకోవాలె గద. దవాఖానల గూడ నూనె రాసి సాగదీయుమన్నరు. సరే అన్న. ఇంటికొచ్చి ఏం జేయాల్నో తెల్వక గట్లనే ఇడిసిన."

నాలుగు నెలలు ఆ పిడికిలి మూసుకుని ఉండడానికి కారణం ఇదీ. డాక్టరుకి మగ్గం గుర్తు రాలేదు. పద్మమ్మకి డాక్టరుతో మగ్గం సంగతి చెప్పాలని తోచలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మా అక్క లీటరు నూనె మోయించి తెప్పించింది. అక్క తల కొట్టుకుంది, ఎడమచేత్తో.

నా సంచిని బయట కిటికీ ఊచకి వేలాడదీశారు. నాచేత శనగపిండితో మూడుసార్లు చేతులు కడిగించారు. పద్మమ్మ వెనకగదిలోంచి నర్సింహులు చొక్కా ఒకటి తెచ్చి, మొహం అటు తిప్పుకుని అందించింది. నీలం గళ్ల చొక్కా, పొట్ట దగ్గర బొత్తాం పడలేదు. ఇతరుల తువ్వాలు కూడా వాడనివాణ్ని, ముక్కూమొహం తెలియనాయన చొక్కా తొడుక్కుని ఆయన ముందు చాప మీద కూర్చున్నాను.

నర్సింహులుకి మాట పోయింది, ఒక్క మాట మిగిలింది. అది "కాదు". అన్నం తిన్నావా అంటే కాదు, ఎండగా ఉందా అంటే కాదు. అందులో ఏది అవునో ఏది కాదో పద్మమ్మకే తెలుసు. నేను వచ్చిన పని మొదలుపెడదామని మూడడుగుల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని ప్రార్థన చేశాను. బాగానే వచ్చింది. ఆమెన్ అనగానే నర్సింహులు "కాదు" అన్నాడు.

పద్మమ్మ కంగారుగా, "మంచిగుంది అంటుండు సారూ," అంది. నాకు నమ్మకం కలగలేదు.

"ఇక చెయ్యి చూడు," అంది అక్క.

గ్లౌజులు అడిగాను. గాయాలు లేవు, అక్కర్లేదంది. నూనె లేకుండా ఎలాగని తను ఆలోచిస్తుంటే పద్మమ్మే చెప్పింది. "మా అత్తకు మోకాళ్లు నొస్తే జొన్నలు ఎచ్చజేసి బట్టల మూట గట్టి కాపడం వెడుతుంటి. అది పొడిగనే ఉంటది." అక్క మొహం వికసించింది. మూట తయారయ్యాక దాన్ని ముందు తన చెంపకి ఆనించి చూసుకుంది. పక్షవాతం వచ్చిన చేతికి కాలినా తెలియదట.

పిడికిలి దగ్గరికి వంగగానే వాసన వచ్చింది. నాలుగు నెలల చెమట, మురికి. ఒక వేలు పట్టుకుని లాగబోతే అక్క నా చెయ్యి మీద ఒకటి వేసింది. "వేళ్లు లాగకూడదురా. లాగితే ఇంకా బిగుస్తాయి. మణికట్టు పట్టుకుని కిందికి వంచు. నిదానంగా. ఇప్పుడు బొటనవేలి మొదట్లో పట్టుకో. ఆగు. ఇంకా ఆగు."

ఆగాను. ఎంతసేపో తెలియదు. లెక్కల క్లాసులో ఏ పిల్లవాడి కోసమూ అంతసేపు ఆగలేదు. జొన్నల వేడి పైనుంచి తగులుతోంది. వేళ్లు కొంచెం కొంచెంగా వదులయ్యాయి, బియ్యపు గింజంత, తర్వాత వేలెడంత. లోపల అరచేయి పాలిపోయి, నాలుగు చోట్ల గోళ్లు గుచ్చుకున్న ఎర్రటి గుర్తులు. కడిగాను, తుడిచాను, గోళ్లు కత్తిరించాను. వదలగానే పిడికిలి మళ్లీ మూసుకుంది.

పద్మమ్మ ఇదంతా చూడలేదు. మగ్గం వైపే తిరిగి కూర్చుంది. వెళ్లేటప్పుడు అక్క, "రోజూ రెండుసార్లు నువ్వే చెయ్యాలమ్మా," అంటే అప్పుడు చెప్పింది. "ఒకసారి నేనే జబర్దస్తీగ వేళ్లు గుంజిన. చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు. గప్పటిసంది తానం వోస్త, అన్నం వెడుత, ఆ చెయ్యి మాత్రం ముట్టలే."

కాపడం పెడతానని మాత్రం ఒప్పుకుంది. నేను ఆ చొక్కాతోనే బయల్దేరాను. తిరుగు రైలు కూడా గద్వాలలోనే గనక ఉతికి తెచ్చి ఇస్తానన్నాను.

బీచుపల్లి: భుజం మీద నిద్ర

మర్నాడు వనపర్తి బస్సు ఎక్కాం. మా వైపు బస్సులో పక్క సీటులో మనిషి కూర్చుంటే ఇద్దరి మధ్య వేలెడు సందు వదులుతాం. ఇక్కడ అలాంటి పట్టింపు లేదు. నా పక్కన కూర్చున్న రైతు ఎర్రవల్లి చౌరస్తా దాటకుండానే తల నా భుజం మీద వాల్చి గాఢంగా నిద్రపోయాడు. తలపాగాలోంచి ఎండ వాసన, పొగాకు వాసన. నేను భుజం కదిపాను. ఆయన ఇంకా సౌకర్యంగా సర్దుకున్నాడు. వెనక సీట్లోంచి అక్క నవ్వు వినిపించింది.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే బస్సులో సగంమంది ఆంజనేయస్వామి గుడి వైపు చేతులెత్తి మొక్కారు. నదిలో నీళ్లు తగ్గి బండలు బయటపడ్డాయి. మా ఊళ్లో కాలవల్లో వచ్చేది ఈ నీళ్లే గదా అని మెడ చాచి చూశాను, భుజం కదలకుండా. రైతు పెబ్బేరులో లేచి, "జర కునుకువట్టింది సారూ, ఏమనుకోకు," అని నా మోకాలి మీద తట్టి దిగిపోయాడు. జేబులోకి చెయ్యి పోయింది గానీ సీసా తీయలేదు. అక్క చూస్తుందని.

వనపర్తి: అమ్మ చాపిన చెయ్యి

వనపర్తిలో అక్క అద్దె ఇల్లు పాత రాజుల కోటకి దగ్గర్లోనే ఉంది. కాలేజీ పిల్లలు, ఆఫీసులకి పోయేవాళ్లు, కూరగాయల బండ్లు, అన్నీ ఒకే రోడ్డు మీద. టీ పన్నెండు రూపాయలు. మా దగ్గర కంటే చిక్కగా ఉంటుంది, చక్కెర కూడా రెండింతలు. వీధిలో ప్రతి పదడుగులకీ ఎవరో ఒకరు అక్కని ఆపి చెయ్యి పట్టుకుంటారు, లేదా కట్టు తడిమి చూస్తారు. ఒకావిడ మాట్లాడినంతసేపూ నా ముంజేయి కూడా పట్టుకునే ఉంది, నేనెవరో అడగకుండానే.

ఆ రోజు మూడిళ్లకి వెళ్లాం. ఒక ముసలాయన్ని పక్కకి తిప్పాను, ఒకావిడ పాదాలు తుడిచాను. చేశానే గానీ మొహం పక్కకి తిప్పుకుని చేశాను. మర్నాడు పొద్దున ఉప్మా తింటూ అక్కతో అనేశాను. "ఇది నావల్ల కాదక్కా. నేను ప్రార్థన చేస్తాను, మనస్ఫూర్తిగా చేస్తాను. చేతులతో పనికి ఇంకెవరినైనా చూసుకో."

అక్క ఉప్మా ఎడమచేత్తో తింటోంది, సగం కింద పడుతోంది.

"ప్రభువు కుష్ఠరోగిని మాటతో బాగు చేయలేకపోయాడా? ముందు ముట్టుకున్నాడు. ఎందుకంటావ్?"

ఆ సంగతి మీద నేను మా చర్చిలో మూడు పాయింట్లతో ప్రసంగం చేశాను. ఆ మూడూ చెప్పబోయాను. అక్క వినలేదు.

"అతన్ని ఎన్నేళ్లనుంచి ఎవరూ ముట్టుకోలేదో ఆయనకి తెలుసు గనక. అంతే." పళ్లెం పక్కన పెట్టి, "అమ్మ ఆఖరి రోజు గుర్తుందా?" అంది.

గుర్తుండకేం. మా ఇంట్లోనే పోయింది. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ప్రార్థన చేస్తున్నాను. అక్క తల దగ్గర కూర్చుంది. అమ్మ కళ్లు తెరిచి నా వైపు చెయ్యి చాపింది. అమ్మకి పాటలంటే ప్రాణం గనక నేను వెంటనే పాటల పుస్తకం తీసి ఆ చేతిలో పెట్టాను. ఎంతోమందికి చెప్పాను ఆ సంగతి, మా అమ్మ పాటల పుస్తకం పట్టుకుని ప్రభువు దగ్గరికి వెళ్లిందని.

"అమ్మ పుస్తకం అడగలేదురా," అంది అక్క. "నీ చెయ్యి అడిగింది. నాలుగేళ్లనుంచి చెప్పాలా వద్దా అని ఉంది."

నాకు కోపం వచ్చింది. తర్వాత కోపం పోయి ఏడుపు వచ్చింది. గొంతు బాగుంటుందని పేరున్నవాడి ఏడుపు ఏమీ బాగుండదు. అక్క లేచి వచ్చి నా తలని తన పక్కకి ఆనించుకుంది. కట్టు చెవికి గట్టిగా తగులుతోంది. చాలాసేపు అలాగే ఉన్నాం. అప్పుడు తను, "ఉప్మా చల్లారింది, మళ్లీ వేడి చేస్తా," అంది.

నాగర్‌కర్నూల్: రెండు గుంటల రొట్టె

మూడో రోజూ అక్కడే చుట్టుపక్కల తిరిగి, నాలుగో రోజు నాగర్‌కర్నూల్ వైపు వెళ్లాం. దారి పొడుగునా మెట్టపొలాలు, కోసి పరిచిన జొన్న, వేరుశనగ కుప్పలు. మామిడి తోటలు చూడాలంటే కొల్లాపూర్ పొమ్మన్నారు గానీ ఇంకా పిందెలే ఉన్నాయట, కాయలకి టైముంది. నాగర్‌కర్నూల్ చేరకముందే ఒక ఊళ్లో దిగి బాలమ్మ ఇంటికి నడిచాం. బాలమ్మ రైతు, భర్త పోయాడు, రెండెకరాలు కౌలుకిచ్చి ఒక్కతే ఉంటోంది. రెండేళ్ల క్రితం ఆమెకీ పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి ముడుచుకుంది. అక్క అప్పట్లో నాలుగుసార్లు వచ్చి కసరత్తులు నేర్పి వెళ్లిందట. తర్వాత రావడం కుదరలేదు.

మేం వెళ్లేసరికి బాలమ్మ పొయ్యి ముందు కూర్చుని రెండు చేతులతో రొట్టె తడుతోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎట్ల తెరుచుకుంది బాలమ్మా? నేను చెప్పినట్టు రోజూ చేశావా?"

"యాడ జేసిన? నువ్ జెప్పిన కసరత్తులు నాతోని కాలే. నాల్గు దినాలు జేసి ఇడిసిన," అంది బాలమ్మ ఏ మొహమాటమూ లేకుండా. "రొట్టె తినకుంట ఎట్లుండాలె? అన్నం నాకు వంటవట్టదు. ఒక్క చెయ్యితోని రొట్టె రాదు. ఈ పాడు చెయ్యి కిందవెట్టి, దానిమీద మంచి చెయ్యి వెట్టి, బలంగ ఒత్తి ఒత్తి తట్టిన. మొదలు ముద్దనే అయితుండె. ముద్దనే తిన్న. ఏడాదికి గిట్లయ్యింది."

రొట్టె ఎత్తి చూపించింది. గుండ్రంగానే ఉంది, ఒక పక్క రెండు చిన్న గుంటలు. "గీ రెండు వేళ్లు ఇంకా వంగే ఉన్నయ్. గందుకే నా రొట్టెకు రెండు గుంటలుంటయ్. ఊరంత ఆనవాలు వడతరు."

మా వైపు జొన్నరొట్టెలు షుగరు వచ్చినవాళ్లు మొక్కుబడిగా తింటారు. ఇక్కడ అది లేకపోతే తిన్నట్టు కాదు. రోడ్డు పక్క కొట్లలో ఒక్కో రొట్టె ఇరవైకి అమ్ముతున్నారు. బాలమ్మ మాకు నాలుగు పెట్టింది, పచ్చిపులుసు, మిరపకాయ తొక్కుతో. మూడోది తింటుండగా నాకు తోచింది.

"అక్కా, జొన్నపిండిలో నూనె ఉండదు."

అక్క నమలడం ఆపి నా వైపు చూసింది.

"వేడినీళ్లు, పిండి, అంతే. నీళ్లతో కడిగితే పోతుంది," అన్నాను. "పట్టుకి ఏమీ కాదు."

లెక్క తెగినప్పుడు వెనక బెంచీవాడి మొహంలో వచ్చే వెలుగు అక్క మొహంలో వచ్చింది. బాలమ్మకి నర్సింహులు సంగతి చెబితే, "మొగాయన రొట్టె జేస్తడా?" అని అనుమానంగా అడిగింది. పొయ్యి దగ్గర పిండి ఎలా కలపాలో, మణికట్టు కింది భాగంతో ఎలా ఒత్తాలో నా రెండు చేతులూ పట్టుకుని చూపించింది. అప్పటికి అరగంటైంది ఆమె చేతుల్లో నా చేతులుండి. నాకు ఇబ్బంది అనిపించలేదన్న సంగతి ఆ ఊరు దాటాక గుర్తొచ్చింది.

మళ్లీ గద్వాల

ఐదో రోజు పొద్దునే ఇస్త్రీ చేసిన నీలం గళ్ల చొక్కా పట్టుకుని వెళ్లాను. ఈసారి గడప మీద ఆగి నా అంతట నేనే చేతులు చూపించాను. పద్మమ్మ నవ్వి లోపలికి రమ్మంది. చీర కొంగు దాకా వచ్చేసింది.

కాపడం పెట్టిందట, రోజూ రెండుసార్లు. వేడి ఉన్నంతసేపు కొంచెం వదులవుతోంది, చల్లారగానే బిగుసుకుంటోంది. "వేళ్లు తెరిచి చూశావా?" అని అక్క అడిగితే తల దించుకుంది. మూట పెట్టిందే గానీ చెయ్యి ముట్టుకోలేదు.

రొట్టె సంగతి చెప్పాం. నర్సింహులు మొహం గంటు పెట్టుకుని "కాదు! కాదు!" అన్నాడు. దీనికి పద్మమ్మ తర్జుమా అవసరం రాలేదు. మగ్గం మీద చేయి తిరిగిన మనిషిని పొయ్యి ముందు కూర్చోమంటే అంతే గదా. బలవంతం చేస్తే మొత్తానికే చెడుతుందని అక్క ఊరుకుంది. ఆమెకి అదే రోజు మళ్లీ వనపర్తి వెళ్లాలి, నాకు రైలుంది. ఈ పూట దాటితే మళ్లీ ఎప్పుడో.

"పిండి ఇలా ఇవ్వండమ్మా," అన్నాను.

పంచె ఎగ్గట్టి పొయ్యి ముందు కూర్చున్నాను. మరిగిన నీళ్లు పోసి, బాలమ్మ చూపించినట్టు ఒత్తాను. వేలు కాలింది. ముద్ద చేసి తట్టడం మొదలుపెట్టాను. రొట్టె ముందు గుండ్రంగా వచ్చింది, తర్వాత ఒక పక్కకి సాగింది, ఆ తర్వాత మధ్యలో చిరిగింది. పెనం మీద వేస్తే మూడు ముక్కలైంది. పక్కింటావిడ నేత ఆపి వచ్చింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు.

"సారూ, గిది రొట్టెనా, ఇండియా మ్యాపా?" అంది పక్కింటావిడ.

నర్సింహులు నవ్వాడు. చప్పుడు చేస్తూ, ఒక పక్క నోరు వంకర పోతున్నా పట్టించుకోకుండా నవ్వాడు. పద్మమ్మ ఆ నవ్వుని చూసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి అని తర్వాత చెప్పింది. నేను రెండో ముద్ద తీసుకుని దాన్నీ పాడుచేశాను. నేతగాడి కన్ను కదా, అంచు వంకర పోతుంటే ఆయన వల్ల కాలేదు. కర్ర పక్కన పెట్టి మెల్లగా నా పక్కన కూర్చున్నాడు. ఎడమచేత్తో నా చేతుల్ని పక్కకి తోసేశాడు.

నేను మణికట్టు కిందికి వంచి, బొటనవేలు పట్టుకుని, ఆగి, వేళ్లు తెరిచి పిండి మీద ఆనించాను. అక్క పద్మమ్మ వైపు చూసింది. "దానిమీద ఇంకో చెయ్యి ఉండాలమ్మా. బరువు పడాలి. మా వాడి చెయ్యి కాదు."

పద్మమ్మ పట్టు కోసం మెత్తగా ఉంచుకున్న తన చేతుల వైపు చూసుకుంది. "నొస్తదేమో సిస్టరమ్మా," అంది.

"నొస్తే చెప్తాడు."

వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చుని, తన అరచెయ్యి ఆయన చెయ్యి మీద పెట్టింది. ముందు ఊరికే పెట్టింది, తర్వాత ఒత్తింది. ఆయన ఏడవలేదు. "కాదు," అన్నాడు మెత్తగా. ఆమె ఇంకొంచెం ఒత్తింది. ఇద్దరూ కలిసి తట్టిన రొట్టె బాగుందని నేను చెప్పను. దళసరిగా ఉంది, నాలుగు వేళ్ల అచ్చు పడింది. పద్మమ్మ దాన్ని కాల్చి నలుగురికీ నాలుగు తుంపులు పెట్టింది. తర్వాత ఇద్దరి చేతులూ నీళ్లతో కడిగి, తుడిచి, తన చెయ్యి మగ్గం మీది చీర కొంగుకి ఆనించి చూసుకుంది. ఏ మరకా లేదు.

"దినాం రెండు రొట్టెలు," అంది నర్సింహులుతో. "లేకుంటె బువ్వ లేదు నీకు."

ఆయన ఇంకో ముద్ద చేయమన్నట్టు గిన్నె వైపు చూశాడు. రెండో రొట్టె కూడా అయింది. ఆటో వచ్చి బయట ఆగింది. నేను లేచి, చొక్కా ఆయన పక్కన పెట్టి, వెళ్లొస్తానన్నాను.

నర్సింహులు ఆ కుడిచెయ్యి, పిండి అంటుకున్న చెయ్యి, వేళ్లు సగం తెరిచి నా వైపు చాపాడు. మూడో రొట్టె అడుగుతున్నాడనుకుని పిండి గిన్నె ముందుకి జరిపాను.

"కాదు," అన్నాడు.

చెయ్యి తుడుచుకుంటాడేమో అని తువ్వాలు తీసి ఇవ్వబోయాను.

"కాదు."

పద్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అవేం వద్దు సారూ. నీ చెయ్యి అడుగుతుండు."

అక్క నా వైపు ఒక్కసారి చూసి పొయ్యి వైపు తిరిగిపోయింది.

నా చెయ్యి ఇచ్చాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, పిండి గరగరలాడుతోంది. వేళ్లు ఒక్కొక్కటే నా వేళ్ల చుట్టూ మూసుకున్నాయి. అలాంటి చేతికి పట్టుకోవడం వచ్చు, వదలడమే రాదు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. రైలుకి టైమైపోతోందని పక్కింటావిడ అంది. మణికట్టు కిందికి వంచితే వేళ్లు వదులవుతాయని నాకు తెలుసు, ఆ ఐదు రోజుల్లో నేను నేర్చుకున్న విద్య అదే. నేను చాలాసేపు వంచలేదు.